పిల్లలకొద్దని రాసేరు, మన బాసలో రాయలేదు

మొన్న పాలకొండ బస్టాండులో మా అప్ప మనవడు, నాలుగేళ్ల గుంటడు, బడ్డీకొట్టు దగ్గర ఏడ్చి ‘షుగర్ లేని’ కూల్‌డ్రింక్ టిన్ను కొనిపించుకున్నాడు. సగం తాగీసాడు. "పంచదార లేదట కదా, మంచిదే కదేటి?" అంది అప్ప. టిన్ను తిప్పి చూసాను. సన్నటి ఇంగ్లీషు అక్షరాల పక్కన 951 అని ఉంది. అంటే ఆస్పర్టేమ్. పంచదారకి రెండొందల రెట్లు తీపి.

మరి ఇది విషమేటి? కాదు. 2023 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దీన్ని ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అన్న జాబితాలో పెట్టింది. ఆ జాబితా సాక్ష్యం ఎంత గట్టిదో చెప్తాది గానీ, ఎంత తాగితే ప్రమాదమో చెప్పదు. కలబంద ఆకు సారం కూడా అందులోనే ఉంది. అదే రోజు ఇంకో నిపుణుల కమిటీ, పాత పరిమితి మార్చక్కర్లేదంది.

ఆ పరిమితి ఎలగొచ్చింది? జంతువులకి పెట్టి చూసి, హాని కనబడని మోతాదు పట్టుకున్నారు: రోజుకి, కిలో బరువుకి 4,000 మిల్లీగ్రాములు. మనిషి ఎలక కాదు, మనిషికీ మనిషికీ కూడా తేడా ఉంటాది. అందుకని వందతో భాగించారు. 40 వచ్చింది.

కిటుకంతా ‘కిలో బరువుకి’ అన్న మాటలోనే ఉంది. టిన్నులో 200 నుంచి 300 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. 70 కిలోల మనిషి పరిమితి దాటాలంటే 9 నుంచి 14 టిన్నులు తాగాల. మా గుంటడు 15 కిలోలు. ఆడి పరిమితి 600. రెండు మూడు టిన్నులకే అయిపోద్ది.

మన ఆహార భద్రత నిబంధనలు 2011లోనే ఇలాంటి ప్యాకెట్ల మీద ‘పిల్లలకు సిఫారసు చేయం’ అని రాయమన్నాయి. ఏ బాసలో? ఇంగ్లీషో, హిందీయో ఉంటే చాలట! తెలుగు కంపెనీ ఇష్టం.

అనుమతంటే షరతు మీద ఇచ్చిందే. ఆ షరతు మా అప్ప చదవలేని బాసలో ఉంటే, అది ఎవుల కోసం రాసినట్టు?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నాలుగు నంబర్లు గుర్తెట్టుకోండి: 950 ఎసిసల్ఫేమ్, 951 ఆస్పర్టేమ్, 954 శాకరిన్, 955 సుక్రలోజ్. ఫోన్లో జూమ్ చేసి చూడండి. ఇంట్లో పెద్దోళ్లకి చదివి చెప్పండి. బరువు తగ్గడానికి వీటిని నమ్ముకోవద్దని 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది, అదీ చెప్పండి. మన ఊళ్లో అమ్మే సరుకు మీద హెచ్చరిక మన బాసలో ఉండాలని గట్టిగా అడగండి. డబ్బులు మన దగ్గర తీసుకుంటన్నప్పుడు, మాట కూడా మనకి అర్థమయ్యేలాగే చెప్పాల.