దారి చూపే గగన్

రాజపాళయానికి పడమట కనుమలు గోడలా నిలిచి ఉంటాయి. ఆ కొండల పాదాన మామిడి తోపులు, కొబ్బరి తోటలు ఉన్నాయి. ఒక తోటకూ పక్క తోటకూ నడుమ ఉండేది అడుగో, రెండడుగులో వెడల్పు గల గట్టు. ఆ గట్టు మీద నిలబడి సెల్‌ఫోనులో పటం తెరిస్తే, మనిషి ఉన్న చోటును చూపే చుక్క ఒకసారి ఈ తోటలోనూ, మరొకసారి ఆ తోటలోనూ కనబడుతుంది. మనిషి కదలలేదు. మరి చుక్క ఎందుకు కదిలింది?

ఆ చుక్కను నిర్ణయించేవి ఉపగ్రహాలు. వాటిలో అమెరికా వారి జి.పి.ఎస్. ఉపగ్రహాలు ఎక్కువగా ప్రసిద్ధి పొందాయి. అవి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తాము ఎక్కడ ఉన్నదీ, వేళ ఎంతైనదీ రేడియో సంకేతాల ద్వారా నిరంతరం తెలుపుతుంటాయి. సంకేతం నేలకు చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి ఫోను దూరాన్ని లెక్కకడుతుంది. చోటు తెలియడానికి మూడు దూరాలు చాలు. అయితే ఫోనులోని గడియారం అంత నికరమైనది కాదు. దాని తప్పును పట్టుకోవడానికి నాలుగో ఉపగ్రహం కావాలి. రేడియో తరంగం సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది. కనుక వేళలో సెకనులో పదిలక్షలవ వంతు తేడా వచ్చినా దూరంలో 300 మీటర్లు తప్పుతాయి!

ఉపగ్రహాలలోని పరమాణు గడియారాలు చాలా నిక్కచ్చిగా నడుస్తాయి. పెద్ద చిక్కు దారిలో ఉంది. ఆకాశంలో బాగా ఎత్తున, సూర్యకాంతి వల్ల విద్యుదావేశం పొందిన వాయువుల పొర ఒకటి ఉంది. దానిని అయనోవరణం అంటారు. దాని గుండా వచ్చేటప్పుడు సంకేతం ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం వల్ల దూరం లెక్కలో కొన్ని మీటర్లు, ఒక్కొక్కప్పుడు పదుల మీటర్లు తేడా వస్తుంది.

ఈ పొర అంతటా ఒకేలా ఉండదు. భూమి అయస్కాంత మధ్యరేఖ మన దేశపు దక్షిణ కొసకు దగ్గరగా పోతుంది. 1963 నవంబరు 21న మొదటి రాకెట్టును ప్రయోగించడానికి తిరువనంతపురం వద్ద ఉన్న తుంబాను ఎన్నుకోవడానికి ఈ రేఖ సామీప్యమే కారణం. రాజపాళయానికి దక్షిణాన ఉన్న తిరునెల్వేలి దగ్గర భూ అయస్కాంత పరిశోధనశాల ఉన్నదీ ఇందుకే. పగటివేళ ఈ రేఖ మీది ఆవేశ వాయువు నీటి చిమ్మెనలా పైకి లేచి, ఉత్తర దక్షిణాలకు జారిపోతుంది. మన దేశంలో అది అహమ్మదాబాదు, భోపాలు ప్రాంతాల మీద ఎక్కువగా పోగవుతుంది. సూర్యాస్తమయం తరువాత ఈ పొరలో పలుచని భాగాలు బుడగల వలె పైకి లేస్తాయి. అప్పుడు నక్షత్రాలు మినుకుమన్నట్లు సంకేతాలు కూడా మినుకుమంటాయి. ఒక్కొక్కసారి అసలే అందవు. అంటే రాజపాళయం మీది ఆకాశం చూపులకు ఎంత నిర్మలంగా ఉన్నా, ఈ విషయంలో చాలా పేచీకోరుది.

ఈ తప్పును సరిదిద్దే ఉపాయం నూలు మిల్లుల ఊరివారికి కొత్తది కాదు. మిల్లు కూత వినగానే ఇంటి గడియారం నాలుగు నిమిషాలు ముందున్నదని తెలిసిందనుకుందాం. గడియారాన్ని పారవేయనక్కరలేదు. ఆ నాలుగు నిమిషాలు తీసివేసి చూసుకుంటే సరిపోతుంది.

భారత అంతరిక్ష పరిశోధన సంస్థ, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి నెలకొల్పిన ‘గగన్’ ఇలాగే పనిచేస్తుంది. దీనికి దేశంలో 15 పరిశీలన కేంద్రాలు ఉన్నాయి. వాటిలో రాజపాళయానికి దగ్గరిది కనుమల ఆవల తిరువనంతపురంలో ఉంది. ప్రతి కేంద్రం ఉన్న చోటును ముందే అతి సూక్ష్మంగా కొలిచి ఉంచారు. ఉపగ్రహాలు చూపే చోటుకూ అసలు చోటుకూ ఉన్న తేడాయే తప్పు. ఆ వివరాలు బెంగుళూరులోని ప్రధాన కేంద్రానికి చేరతాయి. అక్కడ లెక్కకట్టిన సవరణలను జీశాట్ ఉపగ్రహాలకు పంపితే, అవి దేశమంతటికీ ప్రసారం చేస్తాయి. దీనితో తప్పు మూడు మీటర్ల లోపుకు తగ్గుతుంది. ఏదైనా ఉపగ్రహం తప్పుడు సంకేతం పంపితే, దానిని నమ్మవద్దని కొన్ని సెకన్లలో హెచ్చరిక కూడా వస్తుంది. విమాన చోదకునికి మీటర్ల కన్నా ఈ హెచ్చరికే ముఖ్యం.

అమెరికాలో ఇటువంటి ఏర్పాటు అంతకుముందే ఉన్నా, అక్కడి అయనోవరణపు లెక్కలు ఇక్కడి ఆకాశానికి పొసగలేదు. కాబట్టి మన శాస్త్రజ్ఞులు వేరే లెక్క తయారుచేయవలసి వచ్చింది. ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాలలో కూడా ఈ పొరను గూర్చి ఎంతో పరిశోధన జరిగింది. 2015 ఏప్రిల్‌లో, విమానాలు దిగేటప్పుడు ఎత్తు కూడా తెలిపేందుకు గగన్‌కు అనుమతి లభించింది. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో విమానం ఒకటి గగన్ సాయంతో దిగింది. సాధారణంగా ఇందుకు రన్‌వే పక్కన ఖరీదైన యంత్రాలు ఉండాలి. చిన్న ఊళ్ల విమానాశ్రయాలకు ఆ ఖర్చు తగ్గుతుంది.

విమానానికి చాలిన మూడు మీటర్లు తోట గట్టుకు చాలవు. భూమి కొలతల కోసం సర్వే ఆఫ్ ఇండియా దేశమంతటా స్థిర కేంద్రాలను నెలకొల్పింది. వీటి సూత్రమూ అదే. అయితే సంకేతపు తరంగాన్నే లెక్కపెట్టి పోల్చడం వల్ల తప్పు కొన్ని సెంటీమీటర్లకు తగ్గుతుంది. దట్టమైన మామిడి కొమ్మల కింద మాత్రం ఈ సాధనం కూడా తడబడుతుంది. అటువంటి చోట సర్వేయరు తెరపి స్థలంలో గుర్తు పెట్టుకొని, అక్కడి నుండి గట్టు దాకా టేపు పట్టుకొని కొలవవలసిందే.