పన్నెండు వోల్టుల పాట

హైదరాబాద్‌ కోఠిలోని గుజరాతీ గల్లీలో ఒక దుకాణం ముందు కారు ఆగి ఉంది. కుర్రాడొకడు డిక్కీలో సబ్‌వూఫర్‌ పెట్టె బిగించి, బ్యాటరీ దగ్గర్నుంచి వెనక్కి చిటికెన వేలంత లావు ఎర్ర వైరు లాగుతున్నాడు. కారాయనకు అనుమానం వచ్చింది.

"ఇంట్ల ఏసీకి గూడ గింత లావు వైరు లేదు గద తమ్మీ!"

"ఇది కరెంటు ఎక్కువ గుంజుతది అన్నా" అన్నాడు కుర్రాడు, తలెత్తకుండానే.

ఒకటిన్నర టన్నుల ఏసీ సుమారు 1500 వాట్లు తింటుంది. డిక్కీలోని యాంప్లిఫయర్‌ అందులో సగం కూడా తినదు. అయినా కుర్రాడి మాటే నిజం. వోల్టుల్ని ఆంపియర్లతో హెచ్చవేస్తే వాట్లు. ఇంటికొచ్చేది 230 వోల్టులు కాబట్టి ఏసీకి 7 ఆంపియర్ల లోపే సరిపోతుంది. కారులో ఉన్నది 12 వోల్టులు, ఇంజను తిరుగుతుంటే 14 పైచిలుకు. స్పీకర్లకు 500 వాట్లు అందాలంటే, మధ్యలో వేడిగా పోయేది కూడా కలుపుకుని, బ్యాటరీ నుంచి 45 ఆంపియర్లు లాగాలి. వోల్టులు నీళ్లకు ఎత్తు లాంటివి. కొండ మీంచి దూకే నీళ్లకు సన్నని గొట్టం చాలు. ధవళేశ్వరం దిగువన గోదావరి డెల్టాలో నేలకు వాలు తక్కువ, అందుకే అక్కడి కాలువలు అంత వెడల్పు. కారు కరెంటుది ఆ డెల్టా నేల స్వభావం. కారులో పాట పుట్టి పెరిగిన కథ చదివినప్పుడల్లా నాకు కనిపించేది ఇదే: ఎత్తు లేని చోట ఎత్తు సంపాదించడానికి మనుషులు తొంభై ఏళ్లకు పైగా పడుతున్న పాట్లు.

ఈ కథలో స్పీకరు పెద్దగా మారలేదు. 1915లో కాలిఫోర్నియాలోని నాపాలో పీటర్‌ జెన్సెన్‌, ఎడ్విన్‌ ప్రిధమ్‌ అయస్కాంతం నడుమ తీగచుట్ట కదిలే లౌడ్‌స్పీకర్‌ తయారుచేశారు. 1925లో జనరల్‌ ఎలక్ట్రిక్‌ ఇంజనీర్లు చెస్టర్‌ రైస్‌, ఎడ్వర్డ్‌ కెలాగ్‌ ఆ చుట్టకు కాగితపు కోను తగిలించి, దాని లెక్కలన్నీ తేల్చారు. ఈనాటి కారు తలుపులో ఉన్నదీ ఆ వంశపుదే. చుట్టలో కరెంటు ఒక దిక్కుగా పారితే కోను ముందుకు, ఎదురు దిక్కుగా పారితే వెనక్కి. మారిందల్లా దానికి మేత వేసే యంత్రమే.

పాల్‌ గాల్విన్‌ 1928లో షికాగోలో పెట్టిన కంపెనీ మొదట చేసింది బ్యాటరీ ఎలిమినేటర్లు. బ్యాటరీ రేడియోలను ఇంటి కరెంటు మీద నడిపించే పెట్టెలవి. రెండేళ్లకు ఆయన కారు రేడియో వైపు మళ్లాడు. 1930లో అట్లాంటిక్‌ సిటీలో రేడియో తయారీదారుల మహాసభ జరుగుతుంటే, తన స్టూడ్‌బేకర్‌ కారులో రేడియో బిగించుకుని అక్కడికి వెళ్లాడు. సభలో ఆయనకు స్టాలు లేదు. కారు బయట నిలిపి, గొంతు పెంచి, వచ్చేపోయేవాళ్లకు వినిపించాడు. ఆర్డర్లు వచ్చాయి. మోటారులో పాడుతుంది కాబట్టి దానికి మోటరోలా అని పేరు పెట్టాడు, తర్వాత కంపెనీకే ఆ పేరు నిలిచింది. ధర 110 నుంచి 130 డాలర్లు. కొత్త ఫోర్డు కారే దాదాపు 500 డాలర్లకు దొరికే రోజులవి.

అప్పటి రేడియోలో ఉన్నవి వాల్వులు. అవి పనిచేయాలంటే 100 నుంచి 200 వోల్టులు కావాలి. అప్పటి కారు బ్యాటరీ 12 కూడా కాదు, 6. అందుకని కాళ్ల కింద పలకలు ఊడదీసి, 45 వోల్టుల పొడి బ్యాటరీలు కొన్నింటిని వరుసగా కలిపి అక్కడ దాచేవారు. అవి అయిపోతే పారేసి కొత్తవి కొనాలి.

దీనికి 1930ల్లో దొరికిన విరుగుడు వైబ్రేటర్‌. ఈ కథలో నేను మనసు పారేసుకున్నది దీని మీదే. ట్రాన్స్‌ఫార్మర్‌ వోల్టులను పెంచగలదు, కానీ బ్యాటరీ ఇచ్చే తిన్నని కరెంటు దానికి పనికిరాదు, హెచ్చుతగ్గులుండాలి. అందుకని చిన్న డబ్బాలో ఒక ఉక్కు రేకును పెట్టారు. పాతకాలపు కాలింగ్‌ బెల్లులో లాగే అది విద్యుదయస్కాంతానికి అతుక్కుని, విడిపోయి, మళ్లీ అతుక్కుంటుంది. సెకనుకు 115 సార్లు కరెంటును అటూ ఇటూ తిప్పుతుంది. అలా తెగ్గొట్టిన 6 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్‌ దాటేసరికి 200 పైమాటే. రేడియో వేయగానే ముందు ఈ డబ్బా జుమ్మనేది, వాల్వులు వేడెక్కాక పాట వచ్చేది. ముట్టుకుంటూ, విడిపోతూ ఉండే ఆ రేకు కొసలు కాలిపోయేవి. కొత్త డబ్బా తెచ్చి గుచ్చుకోవడమే.

1955లో క్రైస్లర్‌, ఫిల్కో కలిసి అన్నీ ట్రాన్సిస్టర్లే ఉన్న కారు రేడియో తెచ్చాయి. ట్రాన్సిస్టర్‌కు 12 వోల్టులు చాలు. కార్ల బ్యాటరీలూ ఆ ప్రాంతంలోనే 6 నుంచి 12కు మారాయి. వైబ్రేటర్‌ కథ ముగిసిందనుకున్నారు.

ముగియలేదు. 14.4 వోల్టులతో 4 ఓముల స్పీకరును మామూలు పద్ధతిలో నడిపితే దక్కేది ఆరు వాట్లకు కాస్త ఎక్కువ. స్పీకరు రెండు కొసలనూ ఎదురెదురుగా రెండు యాంప్లిఫయర్లతో తోస్తే, అంటే బ్రిడ్జి కడితే, లెక్క నాలుగింతలై 26 దగ్గరకు చేరుతుంది. చేతికొచ్చేది 18, 20. ఇప్పటి దాదాపు ప్రతి కారు స్టీరియో డెక్కులోనూ ఇదే ఏర్పాటు. మరి దాని పెట్టె మీద అచ్చేసిన 50 వాట్లు? 14.4ను 14.4తో హెచ్చవేసి 4తో భాగించండి, 52 వస్తుంది. అది గొంతు పూర్తిగా చీలిపోయినప్పటి లెక్క. ఆ స్థితిలో పాట వినలేం.

డెక్కు అక్కడితో ఆగిపోయింది కాబట్టే డిక్కీలో విడిగా యాంప్లిఫయర్‌ వచ్చింది. దాని మూత తీసి చూడండి. రాగి తీగ చుట్టిన గారె లాంటి ఉంగరం కనిపిస్తుంది. అది ట్రాన్స్‌ఫార్మర్‌. దాని పక్కనున్న మాస్ఫెట్‌ ట్రాన్సిస్టర్లు 12 వోల్టుల కరెంటును సెకనుకు పదులవేల సార్లు తెగ్గొడతాయి. ఉంగరం దాన్ని అటు 35, ఇటు 35 వోల్టులకు పెంచుతుంది. అదే 4 ఓముల స్పీకరుకు ఇప్పుడు 150 వాట్లు. ఆ పాత వైబ్రేటరే మన చెవికి అందనంత వేగంతో తిరిగి వచ్చిందన్నమాట. ఈసారి కాలిపోయే కొసలు లేవు.

ఎత్తు పెంచుకోవడం ఒక దారి, కాలువ వెడల్పు చేయడం, అంటే కరెంటుకు అడ్డుపడే ఓములను తగ్గించడం, ఇంకో దారి. ఇంటి స్పీకర్లు చాలావరకు 8 ఓములుంటే కారువి 4 ఓములు. సబ్‌వూఫర్లో తరచుగా రెండు కాయిళ్లుంటాయి. ఒక్కోటి 4 ఓములైతే, వరుసగా కలిపితే 8, పక్కపక్కన కలిపితే 2. రెండో పద్ధతిలో పవరు ఎక్కువ లాగవచ్చు, కానీ యాంప్లిఫయర్‌ 2 ఓములు మోయగలదో లేదో దాని కాగితంలో చూసుకున్నాకే కలపాలి.

ఇక ఎర్ర వైరు. 45 ఆంపియర్లను ఇంట్లో వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో 5 మీటర్లు పంపితే దారిలోనే 1.7 వోల్టులు పోతాయి. ఆ నష్టమంతా వేడిగా మారుతుంది, 75 వాట్లు, అంటే మూడు చిన్న సోల్డరింగ్‌ ఐరన్లను కార్పెట్‌ కింద పరిచినట్టు. 21 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరైతే పోయేది 0.2 వోల్టు లోపే. ఎంత మంచి వైరైనా ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగిలితే బ్యాటరీ వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది. అందుకే ఫ్యూజు బ్యాటరీకి అడుగున్నర లోపే ఉండాలి. అది కాపాడేది యాంప్లిఫయర్‌ని కాదు, వైరుని. యాంప్లిఫయర్‌ దగ్గర పెడితే మధ్యలోని నాలుగైదు మీటర్లకు దిక్కుండదు. ఈ ఒక్క విషయంలో సర్దుకోవద్దని చేతులు పట్టుకుని చెప్పాలనిపిస్తుంది నాకు. కరెంటు వెనక్కి వచ్చేది కారు బాడీ గుండానే కాబట్టి, వెనక్కి వెళ్లే నల్ల వైరును బాడీకి బిగించే చోట రంగు గీకి ఇనుము తేల్చాలి.

రెండు స్పీకర్లలో ఒకదానికి ప్లస్సూ మైనస్సూ తారుమారైతే స్పీకరు చెడిపోదు. బాస్‌ మాయమవుతుంది. 40 హెర్ట్జ్‌ ధ్వని తరంగం పొడవు 8.6 మీటర్లు. మారుతి 800 పొడవు అందులో సగం కూడా లేదు. అంత చిన్న గదిలో బాస్‌ అలగా సాగదు, సైకిల్‌ పంపులా గాలిని మొత్తంగా నొక్కుతుంది, వదులుతుంది. ఒక కోను ముందుకు నొక్కుతుంటే తిరగేసి కలిపిన రెండోది వెనక్కి లాగుతుంది. గాలికి ఏమీ జరగదు. కుర్రాడు జేబులోంచి టార్చి సెల్లు తీసి స్పీకరు వైర్లకు తాకించి చూసేది అందుకే. కోను ముందుకొస్తే సెల్లు ప్లస్‌ ముట్టినది ప్లస్‌.

ఇప్పుడు ఎలక్ట్రిక్‌ కార్లు వచ్చాయి. నేల కింద 300, 400 వోల్టుల బ్యాటరీ పరుచుకుని ఉంటుంది. కానీ చాలా కార్లలో పాట దాన్ని నేరుగా ముట్టదు. ఒక పెట్టె ఆ 400ను 12కు దించుతుంది. డిక్కీలోని యాంప్లిఫయర్‌ ఆ 12ను తీసుకుని, రాగి ఉంగరం గుండా పంపి, మళ్లీ 35కు ఎక్కిస్తుంది.