గోల్ రాకపోతే తప్పెవరిది? దాడి శిక్షణపై అభిమానుల ఆగ్రహం వెనుక ఉన్న లెక్కలు

ఆవపల్లి (బస్తర్): బీజాపూర్ నుంచి బాసగూడ వెళ్లే దారిలో ఉన్న ఆవపల్లి వంటి గ్రామాల్లో ఫుట్‌బాల్ ఆడే కుర్రాడికి ఇప్పుడు ఒక మెట్ల వరుస ఉంది. బస్తర్ ఒలింపిక్స్ పేరిట 2024లో మొదలైన పోటీలు బ్లాకు స్థాయి నుంచి జిల్లాకు, అక్కడి నుంచి డివిజన్ స్థాయికి సాగుతాయి. తొలి ఏడాది సుమారు 1.65 లక్షల మంది పేర్లు నమోదు చేసుకోగా, 2025లో ఆ సంఖ్య 3.9 లక్షలు దాటింది. విలువిద్య, కబడ్డీ, ఖోఖోలతో పాటు ఫుట్‌బాల్ కూడా ఆ 11 క్రీడల్లో ఒకటి. అయితే ఆ మెట్ల వరుస చిట్టచివర ఉన్న భారత జాతీయ జట్టు కొన్నేళ్లుగా ఒకే జబ్బుతో బాధపడుతోంది. జట్టు బంతిని కాపాడుకుంటుంది, అందించుకుంటుంది, ప్రత్యర్థి పెట్టె వరకూ తీసుకువెళుతుంది. గోల్ మాత్రం చేయదు.

ఇలాంటి సమయంలో స్టేడియం మెట్ల మీద కూర్చున్న ప్రేక్షకుని వేలు సహజంగానే ఒక వైపు చూపుతుంది. దాడి వ్యూహం రచించేవారెవరు? ముందు వరుస ఆటగాళ్లకు శిక్షణ ఇచ్చేవారెవరు? వారిని ఎందుకు మార్చరు? ఈ ప్రశ్నలు న్యాయమైనవే. వాటికి వచ్చే సమాధానాలు మాత్రం ఒక్కో చోట ఒక్కో విధంగా ఉన్నాయి.

గచ్చిబౌలిలో మూడు రాత్రులు

తెలుగు అభిమానులు ఈ వ్యథను 2024లో కళ్లారా చూశారు. ఆ ఏడాది జులైలో స్పెయిన్‌కు చెందిన మనోలో మార్కెజ్ భారత జట్టు ప్రధాన శిక్షకుడిగా నియమితులయ్యారు. ఆయన హయాంలో తొలి మ్యాచ్ సెప్టెంబర్ 3న హైదరాబాద్ గచ్చిబౌలిలోని జీఎంసీ బాలయోగి స్టేడియంలో జరిగింది. ఇంటర్‌కాంటినెంటల్ కప్‌లో భాగంగా మారిషస్‌తో ఆడిన ఆ మ్యాచ్ 0-0తో ముగిసింది. ఆరు రోజుల తర్వాత అదే మైదానంలో సిరియా చేతిలో 0-3తో ఓటమి. నవంబర్ 18న మలేసియాతో 1-1 డ్రా. మూడు మ్యాచ్‌లు, 270 నిమిషాలు, ఒక్క గోల్. ఆ ఒక్క గోల్‌ను కార్నర్ కిక్ నుంచి తలతో కొట్టినది రాహుల్ భేకే. ఆయన రక్షణ ఆటగాడు.

మార్కెజ్ మొత్తం ఎనిమిది మ్యాచ్‌లకు బాధ్యత వహించారు. ఒక విజయం, నాలుగు డ్రాలు, మూడు ఓటములు. ఆ ఎనిమిదింటిలో భారత్ చేసినవి ఐదు గోల్స్. వాటిలో మూడు 2025 మార్చిలో షిల్లాంగ్‌లో మాల్దీవులపై వచ్చాయి. ఐదింటిలో రెండు భేకేవే. ముందు వరుసలో ఆడేవారి కంటే వెనుక వరుసలో ఆడే వ్యక్తి ఎక్కువ గోల్స్ చేసిన జట్టును చూసి అభిమాని దాడి శిక్షణ సంగతేమిటని అడగడంలో ఆశ్చర్యం లేదు. 2025 జూన్ 10న హాంకాంగ్ చేతిలో 0-1తో ఓడిన తర్వాత, జులై మొదటి వారంలో మార్కెజ్, అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య పరస్పర అంగీకారంతో విడిపోయారు.

ఆయనకు ముందున్న ఇగోర్ స్టిమాచ్ కథ కూడా భిన్నమైనదేమీ కాదు. 2024 జనవరిలో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో భారత్ ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియాలతో ఆడిన మూడు మ్యాచ్‌లూ ఓడింది. చేసిన గోల్స్ సున్నా. మార్చిలో గువాహటిలో అఫ్గానిస్తాన్ చేతిలో 1-2తో పరాజయం, జూన్‌లో కోల్‌కతాలో కువైట్‌తో 0-0 డ్రా, దోహాలో ఖతార్ చేతిలో ఓటమి, ఆ వెనువెంటనే స్టిమాచ్ తొలగింపు. శిక్షకుడు మారాడు, వ్యూహం మారింది. గోల్స్ కరవు మాత్రం మారలేదు.

అదే శిక్షకుడు, వేరే జట్టు

ఇక్కడే హైదరాబాద్ అభిమానులకు మిగతా దేశానికి లేని ఒక జ్ఞాపకం ఉంది. ఇదే మార్కెజ్ శిక్షణలో హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22 ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచింది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో జరిగిన తుది పోరులో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో 3-1తో ఓడించింది. ఆ సీజన్‌లో నైజీరియా ఆటగాడు బార్తొలొమ్యూ ఒగ్బెచే ఒక్కడే 18 గోల్స్ సాధించి గోల్డెన్ బూట్ అందుకున్నాడు. అప్పుడు మార్కెజ్‌కు దాడి నేర్పించడం రాదని ఎవరూ అనలేదు.

శిక్షకుడు ఒక్కడే. తేడా అంతా చివరి పది గజాల్లో బంతిని అందుకునే మనిషిలో ఉంది. మన లీగ్ గోల్డెన్ బూట్ జాబితాను చూస్తే ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. 2023-24లో గ్రీస్‌కు చెందిన దిమిత్రియోస్ దియమంతకోస్, 2024-25లో 23 గోల్స్‌తో మొరాకోకు చెందిన అలాయెద్దీన్ అజారై. క్లబ్బులు గెలవాలి, అందుకని ముందు వరుసలో విదేశీయులను నిలబెడతాయి. భారత కుర్రాళ్లు రెక్కల మీదికో, బెంచీ మీదికో వెళతారు. 2024-25లో భారతీయుల్లో అత్యధికంగా 14 గోల్స్ చేసినది సునీల్ ఛెత్రి. అప్పటికి ఆయన వయసు 40. అంతర్జాతీయ ఆట నుంచి అంతకు ముందే విరమించుకున్నారు కూడా. మార్కెజ్ ఆయనను తిరిగి పిలవడాన్ని చాలామంది విమర్శించారు. కానీ ఆ జాబితా చేతిలో పట్టుకున్న శిక్షకుడు మరెవరిని పిలవగలడు?

జాతీయ జట్టు శిక్షకునికి ఆటగాళ్లు ఒక్కో విడతలో పది పన్నెండు రోజులకు మించి దొరకరు. ఆ వ్యవధిలో రక్షణ వరుసను సర్దవచ్చు, కార్నర్ కిక్‌లను సాధన చేయించవచ్చు. భేకే గోల్స్ అలా వచ్చినవే. బంతి కాలికి తగిలిన క్షణంలో గోల్‌కీపర్ ఎటు కదులుతున్నాడో చూసి కొట్టే గుణం మాత్రం అన్ని రోజుల్లో అబ్బేది కాదు. అది పన్నెండు, పదమూడేళ్ల వయసు నుంచి వేల సార్లు చేస్తే వచ్చే అలవాటు.

శిక్షక బృందంలో ఎవరి పని ఏమిటి

ఒకప్పుడు జట్టుకు ఒక్క శిక్షకుడే సర్వం. ఇప్పుడు ప్రధాన శిక్షకుని కింద సహాయకులు, గోల్‌కీపింగ్ శిక్షకుడు, దేహదారుఢ్య నిపుణుడు, వీడియో విశ్లేషకుడు ఉంటారు. పెద్ద క్లబ్బుల్లో కార్నర్లు, ఫ్రీ కిక్‌ల కోసమే ప్రత్యేక శిక్షకులు వచ్చారు. ఇంగ్లండ్‌లోని ఆర్సెనల్‌లో 2021 నుంచి ఆ పని చూస్తున్న నికొలస్ జొవెర్ పేరు ఇప్పుడు ఆటగాళ్ల పేర్లతో సమానంగా వినిపిస్తోంది.

దాడి విభాగం పనిని కొలిచేందుకు విశ్లేషకులు ‘ఎక్స్‌పెక్టెడ్ గోల్స్’ అనే లెక్కను వాడుతున్నారు. ఎంత దూరం నుంచి, ఏ కోణంలో, తలతోనా కాలితోనా అన్న వివరాలను బట్టి ప్రతి ప్రయత్నానికి గోల్ అయ్యే అవకాశాన్ని సున్నా నుంచి ఒకటి మధ్య అంకెగా చెబుతారు. పెనాల్టీకి ఆ విలువ సుమారు 0.78. అంటే వందలో 78 లోపలికి వెళతాయని లెక్క. ఒక జట్టుకు ఈ మొత్తం తక్కువగా ఉంటే మంచి అవకాశాలే సృష్టించడం లేదని అర్థం. అక్కడ వ్యూహం రచించినవారిని నిలదీయవచ్చు. మొత్తం ఎక్కువగా ఉండి గోల్స్ మాత్రం రాకపోతే లోపం ముగింపులో ఉన్నట్టు. ఈ రెండు రోగాలకు మందు ఒకటి కాదు. స్టేడియంలో వినిపించే కేకలకు ఈ తేడా పట్టదు, పట్టాలని ఆశించడమూ అన్యాయమే. జట్టును నడిపేవారికి మాత్రం పట్టాలి.

కాలేజీ జట్టు, కోట్ల జీతం

అభిమానుల కోపం సరైన చోటే తగిలిన ఉదాహరణ కావాలంటే అమెరికా వైపు చూడాలి. అక్కడ ఫుట్‌బాల్ అంటే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే వేరే ఆట. దాడికి ఒక జట్టు, రక్షణకు మరో జట్టు, తన్నే పనులకు ఇంకొక బృందం విడివిడిగా మైదానంలోకి దిగుతాయి. దాడికి బాధ్యుడైన శిక్షకుడు ప్రత్యేకంగా ఉంటాడు. కనుక నింద ఎవరిపై వేయాలో వెతుక్కోనక్కరలేదు. విశ్వవిద్యాలయాల జట్ల ఆటకు అక్కడ ఉన్న ఆదరణ మన ఊహకు అందదు. అయోవా విశ్వవిద్యాలయం మైదానంలో దాదాపు 69 వేల మంది కూర్చుంటారు.

ఆ అయోవాలో ప్రధాన శిక్షకుడు కిర్క్ ఫెరెంజ్. దాడి శిక్షకుడు ఆయన కుమారుడు బ్రయాన్ ఫెరెంజ్. 2022 సీజన్‌లో జట్టు సగటు 17.7 పాయింట్లు. దాడిలో సాధించిన గజాల లెక్కన దేశంలోని 131 పెద్ద జట్లలో అది 130వది. సీజన్ తొలి మ్యాచ్‌లో అయోవా 7-3తో గెలిచింది. ఆ ఏడు పాయింట్లూ ఒక ఫీల్డ్ గోల్, రక్షణ జట్టు తెచ్చిన రెండు సేఫ్టీల వల్ల వచ్చినవే. దాడి జట్టు ఒక్క టచ్‌డౌన్ కూడా చేయలేదు. విసిగిన అభిమానులు చివరకు బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థికి అప్పగించే టోరీ టేలర్‌నే తమ కథానాయకుడిగా ఎన్నుకున్నారు. దాడి విఫలమైన ప్రతిసారీ మైదానంలోకి రావలసిన ఆటగాడు అతడు!

విశ్వవిద్యాలయం 2023లో బ్రయాన్ ఒప్పందాన్ని మార్చింది. జీతాన్ని 50 వేల డాలర్లు తగ్గించి 8.5 లక్షల డాలర్లు చేసింది. మ్యాచ్‌కు సగటున 25 పాయింట్లు, కనీసం ఏడు విజయాలు ఉండాలని షరతు పెట్టింది. అందులో ఒక విచిత్రం ఉంది. రక్షణ జట్టు సంపాదించే పాయింట్లు కూడా ఆ 25లో కలుస్తాయి. అయినా ఫలితం దక్కలేదు. ఆ ఏడాది సగటు 15.4కు పడిపోయింది. సీజన్ ముగిశాక బ్రయాన్ కొనసాగరని అక్టోబర్ 30ననే ప్రకటించారు. అయోవా మాత్రం రక్షణ బలంతో పది మ్యాచ్‌లు గెలిచింది. తర్వాతి ఏడాది టిమ్ లెస్టర్ దాడి బాధ్యతలు తీసుకున్నారు. ప్రధాన శిక్షకుడు మారలేదు, సగటు మాత్రం 25 దాటింది. ఒక్క కుర్చీ మారితే ఫలితం మారింది గనుక అక్కడ ప్రేక్షకుల ఫిర్యాదులో పస ఉందనే చెప్పాలి.

మన దేశంలో కుర్చీ మారినా ఫలితం మారలేదు. 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్ వచ్చారు. మధ్య ఆసియా నేషన్స్ కప్‌లో ఒమన్‌ను షూటౌట్‌లో ఓడించి మూడో స్థానం తెచ్చారు. ఆశలు చిగురించాయి. అక్టోబర్‌లో సింగపూర్‌తో అక్కడ 1-1, మడ్గావ్‌లో 1-2. దానితో 2027 ఆసియా కప్ దారి మూసుకుపోయింది. నవంబర్ 18న ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 0-1.

రహీం సాబ్ చేసినది

ఒకప్పుడు ఈ సమస్యకు సమాధానం హైదరాబాద్‌లోనే ఉండేది. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ విజేతగా నిలిపారు. భారత జట్టుకు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన శిక్షణలోనే దక్కాయి. మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాపై 4-2 విజయంలో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సికింద్రాబాద్ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం, పీకే బెనర్జీ, చునీ గోస్వామిల ముందు వరుస గురించి పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

రహీం యువకుల కోసం బలహీనమైన కాలితోనే ఆడాలనే నిబంధనతో, డ్రిబ్లింగ్ చేయకూడదనే షరతుతో పోటీలు పెట్టేవారు. దాడి శిక్షణ అన్న పేరు అప్పట్లో లేకపోయినా అది అదే. 1962లో జకార్తాలో తలకు గాయమైన రక్షణ ఆటగాడు జర్నయిల్ సింగ్‌ను ఆయన ముందు వరుసలో నిలబెట్టారు. దక్షిణ కొరియాతో తుది పోరులో రెండో గోల్ జర్నయిల్‌దే. భారత్ 2-1తో గెలిచింది. ఏడాది తిరగకుండానే, 1963 జూన్‌లో రహీం క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆ తర్వాత భారత్ ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో స్వర్ణం గెలవలేదు.

హైదరాబాద్‌లో ఇప్పుడు సూపర్ లీగ్ క్లబ్బు కూడా లేదు. ఆర్థిక ఇబ్బందులతో విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోగా, 2023-24లో హైదరాబాద్ ఎఫ్‌సీ 22 మ్యాచ్‌ల్లో ఒక్కటి గెలిచి 8 పాయింట్లతో అట్టడుగున నిలిచింది. ఆ దశలో దాడి శిక్షకుణ్ని తిట్టడంలో అర్థం లేదని డెక్కన్ లీజియన్ అభిమానులకు తెలుసు. జీతాలు అందని జట్టుకు వ్యూహం ఏం చేస్తుంది? 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. కేరళలో మరో విధమైన నిరసన జరిగింది. 2024 డిసెంబర్‌లో శిక్షకుడు మికాయెల్ స్టారేను బ్లాస్టర్స్ తొలగించింది. మంజప్పడ అభిమాన సంఘం మాత్రం ఆ నెలలోనే తన ఆగ్రహాన్ని యాజమాన్యంపైకి మళ్లించి, టికెట్ల అమ్మకాల్లో పాలుపంచుకోబోమని ప్రకటించింది. శిక్షకుణ్ని బలి ఇస్తే సరిపోతుందని నమ్మని అభిమానులు మన దేశంలోనూ ఉన్నారు.

బస్తర్ సంగతికి వస్తే, నారాయణపూర్‌లోని రామకృష్ణ మిషన్ ఆశ్రమ మైదానం 2024లో స్వామి వివేకానంద అండర్-20 జాతీయ పోటీలకు ఆతిథ్యమిచ్చింది. అడవి నడుమ ఉన్న ఈ పట్టణానికి దేశంలోని యువజట్లు వచ్చి ఆడడం పదేళ్ల క్రితం ఎవరూ ఊహించనిది. బీజాపూర్ వైపు, దోర్లా, గోండీలతో పాటు తెలుగు వినిపించే పల్లెల్లో మైదానాలకు, పరుగెత్తే కాళ్లకు లోటు లేదు. ఒకే వ్యాయామ ఉపాధ్యాయుడు పరుగు పందెం నుంచి ఫుట్‌బాల్ వరకు అన్నీ చూసుకునే చోట గోల్ ముందు ప్రశాంతంగా నిలబడడం నేర్పే మనిషి దొరకడమే కష్టం.

సమాఖ్య ఈలోగా దగ్గరి దారి ఒకటి వెతికింది. విదేశాల్లో పుట్టిన భారత మూలాల ఆటగాళ్లను తీసుకురావడమే ఆ దారి. బెంగళూరు ఎఫ్‌సీ ముందు వరుస ఆటగాడు రయాన్ విలియమ్స్ ఆస్ట్రేలియా పౌరసత్వం వదులుకుని 2025 నవంబర్‌లో భారత జట్టు శిబిరంలో చేరారు. ఆస్ట్రేలియా సమాఖ్య అనుమతి పత్రం సకాలంలో అందక ఢాకా మ్యాచ్ ఆడలేకపోయారు. ఆయన వయసు అప్పటికే 32.