వయ్యారిభామ పూస్తే తుమ్ములెందుకు?

వానలు పడితే చాలు, విజయనగరం, శ్రీకాకుళం ఊళ్లలో ఖాళీ స్థలాలన్నీ చిన్న చిన్న తెల్లపూలతో నిండిపోతాయి. చూడముచ్చటగా ఉన్నా అది వయ్యారిభామ! అమెరికా ఖండాల నుంచి వచ్చిన ఈ కలుపు మన దేశంలో 1950లలో పుణెలో కంటపడింది.

దాని పుప్పొడి ముక్కులోకి వెళితే కొందరి ఒళ్లు దాన్ని శత్రువనుకుంటుంది. మొదట ఏమీ కాదు, గుర్తుపెట్టుకుంటుందంతే. మళ్లీ వస్తే కణాలు హిస్టమిన్ వదులుతాయి. ముక్కు కారుతుంది, కళ్లు దురదపెడతాయి. తుమ్ము ఆ రేణువుల్ని బయటికి తరుముతుంది.

పూత రోజుల్లో మాస్కు పెట్టుకోండి. బడి నుంచి రాగానే ముఖం కడుక్కుని బట్టలు మార్చుకోండి. పిల్లికూతలు వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. మొక్కను మాత్రం ముట్టుకోకండి, దద్దుర్లొస్తాయి. పెద్దలే గ్లౌజులతో, పూయకముందే పీకాలి. ఒక్క మొక్కే వేల విత్తనాలు రాలుస్తుంది మరి!