పాత రాతిగోడ ఊపిరి పీలుస్తుందా?

రోహిణి కార్తె ఎండలో మిట్టమధ్యాహ్నం మీరెప్పుడైనా పాత రాతిగోడల పెంకుటింట్లోకి అడుగుపెట్టారా? బయట ఒళ్ళు కాలిపోతుంటే లోపల చల్లగా, నూతి గట్టున కూర్చున్నట్లుంటుంది. అదే ఊళ్ళో కొత్తగా కట్టిన డాబాలో సాయంత్రమైనా ఫ్యాను వేడిగాలినే తిప్పుతుంటుంది. ఎందుకిలా? రాయి వేడిని రానివ్వదని చాలామంది సమాధానం చెబుతారు. అది తప్పు. రాయి వేడిని చక్కగానే రానిస్తుంది. కాని ఆలస్యంగా రానిస్తుంది.

రెడ్డిగూడెం నూజివీడు మామిడితోటల సీమలోనిది. దగ్గరలోనే కొండపల్లి కొండలు. చార్నొకైట్ అనే గట్టి నల్లరాయి అక్కడి రాళ్ళలో ఒకటి. (కలకత్తాలో జాబ్ చార్నాక్ సమాధిమీద ఉన్న రాయి ఈ జాతిదే. అతని పేరే రాయికి పెట్టారు!) ఇలాంటి చోట పూర్వం ఇల్లు కట్టేవారు రాయికోసం దూరం పోనక్కరలేదు. రాతి పునాది, అడుగున్నర, రెండడుగుల మందం గోడలు, పైన పెంకులు. పెరట్లో గొడ్లసావిడి, ధాన్యం గాదె, చుట్టూ రాళ్ళు పేర్చిన గోడ. అలాంటి ఇళ్ళు ఇప్పుడు తగ్గిపోయాయి గాని, పాత పల్లెల్లో వెతికితే కనబడతాయి.

అడుగున్నర మందమున్న రాతిగోడ బయటి ముఖం మధ్యాహ్నం 2 గంటలకు బాగా కాలిందనుకుందాం. ఆ వేడి అలలాగా లోపలికి నడుస్తుంది. లోపలి ముఖం చేరడానికి దానికి సుమారు 10 గంటలు పడుతుంది. అంటే అర్ధరాత్రి! పైగా దారిలో అల నీరసించిపోతుంది. బయటి ముఖంలో 15 డిగ్రీల హెచ్చుతగ్గు ఉంటే లోపలి ముఖంలో ఇంచుమించు 1 డిగ్రీ మాత్రమే ఉంటుంది. 6 అంగుళాల కాంక్రీటులోనైతే అదే అల సుమారు 4 గంటల్లో, మూడో వంతుకు పైగా బలంతో దాటేస్తుంది. సరిగ్గా మీరు బడినుంచి వచ్చి కూర్చునే వేళకన్నమాట. మరి అర్ధరాత్రి రాతిగోడ వేడి వదిలితే ఎలా? మన తాతలు వేసవిలో ఆరుబయట నులకమంచాలు ఎందుకు వేసుకునేవారో ఇప్పుడు తెలిసిందిగా!

ఇక రాళ్ళను పట్టి ఉంచేదేమిటి? కొన్ని ఇళ్ళలో బంకమట్టి. కలిగినవారి ఇళ్ళలో సున్నం. సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే కార్బన్ డయాక్సైడు వాయువు వెళ్ళిపోతుంది. 100 కిలోల శుద్ధమైన రాయికి 56 కిలోల సున్నమే మిగులుతుంది. నీళ్ళు పోస్తే అది సలసల కాగి తడిసున్నమవుతుంది. ఇసుకతో కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో రుబ్బి, కొన్నిచోట్ల బెల్లపునీళ్ళు, కరక్కాయ రసం కూడా చేర్చేవారు. గోడలోకి వెళ్ళాక ఆ సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును మెల్లమెల్లగా తిరిగి తీసుకుంటుంది. బట్టీలో పోగొట్టుకున్నదాన్ని తిరిగి సంపాదించుకొని మళ్ళీ సున్నపురాయి అవుతుంది! సున్నపుతేటలోకి గొట్టంతో ఊదితే పాలలా తెల్లబడుతుందని ప్రయోగశాలలో చూశారు కదా, ఆ చర్యే గోడలో ఏళ్ళతరబడి జరుగుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. గోడకు శత్రువు ఎండ కాదు, నీరు. పెరటి గోడలో మట్టీ సున్నమూ లేవు, ఉత్త రాళ్ళే. వాన నీరు సందుల్లోంచి కారిపోతుంది గనుక దానికి బెంగ లేదు. ఇంటిగోడ సంగతి వేరు. నల్లరాయి నీటిని దాదాపు పీల్చదు. కాని దాని కీళ్ళలోని మట్టీ సున్నమూ, దీపపు వత్తి నూనెను పైకి లాగినట్లు, నేలలోని తేమను పైకి లాగుతాయి. దీన్నే కేశనాళికీయత అంటారు. సున్నపు పూతలో సన్నని రంధ్రాలుంటాయి. వాటిగుండా ఆ తేమ ఆవిరై పోతుంది. గోడ ఊపిరి పీలుస్తుందని పెద్దలు అనేది ఇందుకే.

ఒక ప్రయోగం చేయండి. రెండు ఇటుకలు తీసుకోండి. ఒకదానికి అడుగుభాగమూ, పైన బొటనవేలంత మేరా వదిలి మిగతా అంతా నూనె రంగు పూసి ఆరనివ్వండి. రెండింటినీ ఉప్పునీళ్ళ పళ్ళెంలో నిలబెట్టండి. నీళ్ళు తగ్గితే పోస్తూ రెండు వారాలు చూడండి. రంగు లేని ఇటుక ఒంటినిండా తెల్లని ఉప్పు పూస్తుంది. రెండో ఇటుకలో తేమకు పక్కదారి లేదు. అది పైదాకా ఎక్కి, వదిలిన చోటే ఉప్పు పేరుస్తుంది. ఉప్పు స్ఫటికాలు పెరిగేటప్పుడు రంధ్రాలను లోపలినుంచి నెట్టి, ఇటుకను పెచ్చులుగా రాలుస్తాయి.

1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందాడు. అది గొప్ప పదార్థమే. వంతెనలకూ ఆనకట్టలకూ దాన్ని మించింది లేదు. కాని పాత గోడకు గట్టి సిమెంటు పూత పూస్తే, మన ప్రయోగంలోని నూనె రంగు పనే అది చేస్తుంది. గోడ మెల్లగా కదులుతుంది, గట్టి పూత కదలలేక పగులుతుంది. పగుళ్ళలోంచి వాన నీరు లోపలికి పోతుంది, బయటికి రాదు. లోపలి మట్టి మెత్తబడుతుంది. పైకి నున్నగా కనిపించే గోడ ముసురు రోజుల్లో ఒక్కసారిగా కూలుతుంది. ప్రతి వానాకాలంలో ఇలా గోడకూలి మనుషులు చనిపోయిన వార్తలు మీరు చదువుతూనే ఉంటారు. తీరా కూలాక అందరూ ‘పాత గోడ కదా’ అంటారు. పూత పూసిన సంగతి ఎవరూ తలవరు!

మీ ఇంట్లోగాని, అమ్మమ్మగారి ఊళ్ళోగాని ఇలాంటి ఇల్లుంటే వానలకు ముందే ఒకసారి చుట్టూ తిరిగి చూడండి. చూరు నీరు గోడ మొదట్లోనే పడుతోందా? గోడకు ఆనించి మట్టిగాని పెంటగాని పోశారా? పెంకులు జారాయా? గోడ కడుపులా ఉబ్బిందా? తట్టితే పూత డొల్లగా మోగుతోందా? ఉబ్బిన గోడ పక్కన పడుకోవద్దు, పశువులను కట్టవద్దు. వెంటనే పెద్దవాళ్ళకు చూపించండి. నీరు దూరంగా పోయేలా కాలువ తీయడం మీరు కూడా చేయగల పని. మళ్ళీ పూత వేయించాలంటే మాత్రం సున్నం పని తెలిసిన మేస్త్రీని వెతకాలి. ఊళ్ళో వృద్ధులను అడగండి, వాళ్ళకు తెలిసి ఉంటుంది.