మీకు తెలుసా? గట్టి నేల కూడా కంపిస్తుంది
దక్కన్ పీఠభూమి రాతినేల, ఇక్కడ భూకంపాల భయం లేదన్న నమ్మకం 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారిలో కూలిపోయింది. 6.2 తీవ్రత గల ఆ ప్రకంపనలకు దాదాపు 10 వేలమంది బలయ్యారు. 1989లో కాలిఫోర్నియాను కుదిపిన 6.9 తీవ్రత భూకంపంలో మృతులు 63 మంది. ఇంత తేడాకు ప్రధాన కారణం ఇళ్లే. కిల్లారిలో మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు, బరువైన మట్టి మిద్దెలు నిద్రలో ఉన్నవారిపై పడ్డాయి.

ఎప్పుడో వచ్చే ముప్పుకు ఇప్పుడే ఖర్చెందుకని అడగవచ్చు. కానీ ఇల్లు తరాలపాటు ఉండేది; 1969లో భద్రాచలం, 2024లో ములుగు ప్రాంతాలూ కంపించాయి. తలుపులు, కిటికీల పైఎత్తున ఇంటిచుట్టూ కాంక్రీటు పట్టీ వేయడానికి ఇంటి ఖర్చులో కొద్దిభాగమే చాలు. ఆ పట్టీ గోడలన్నింటినీ కలిపి పట్టి ఉంచుతుంది.