రేయి కాచు నర్సుకు పగటి నిద్ర

సికింద్రాబాదు గడియారస్తంభము 1897వ సంవత్సరమున వెలసినది. ఆ పట్టణమున రైలుబండ్లును, బజారులును, పాఠశాలలును నాటినుండి గడియారము ననుసరించియే నడచుచున్నవి. అయితే మానవశరీరమునందును ఒక గడియారము కలదు. అది సూర్యుని వెలుతురునకు లోబడునుగాని యజమాని యాజ్ఞకు లోబడదు. దాని యంతర్యంత్రమును వెల్లడించినందులకే 2017లో ముగ్గురు అమెరికను శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమానము లభించినది. ఈ వార్త చదివినను చదువకున్నను, దాని సత్యమును తమ దేహములయందే యెఱుగువారు గాంధీ ఆసుపత్రి వార్డులలో రాత్రివేళ తిరుగాడు నర్సులు.

ఆ ఆసుపత్రి చరిత్ర పాఠకులలో పెద్దలకు తెలిసినదే. ఎడ్వర్డు చక్రవర్తి పేర నుండినది 1958లో మహాత్ముని పేర మారినది. 2003లో ముషీరాబాదు పాత చెఱసాల యుండిన స్థలమునకు తరలినది. 2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు ప్రభుత్వము దానినే ఆ వ్యాధికి ప్రత్యేక చికిత్సాలయముగ నిర్ణయించెను. ఆపాదమస్తకము రక్షణదుస్తులు ధరించి, వానిని విప్పవలసివచ్చునని మంచినీరైనను త్రాగక నర్సులు పనిచేసిన దినము లవి. ఆ మార్చి నెలలో దేశమంతయు వాకిళ్లలో నిలిచి చప్పట్లు కొట్టెను. జూలైలో అదే ఆసుపత్రియందు పొరుగుసేవల పద్ధతిపై నియుక్తులైన నర్సులు జీతము కొఱకును, ఉద్యోగభద్రత కొఱకును విధులు మానవలసి వచ్చెను. చప్పట్లకు ఖర్చు లేదు కదా!

కాని మేమిప్పుడు జీతములను గూర్చికాక నిద్రను గూర్చి వ్రాయబూనితిమి. మన ఆసుపత్రులలో అనేకములందు పగటి డ్యూటీలు 6 గంటలవి. రాత్రి డ్యూటీ 12 గంటలది. రాత్రి 8 గంటలకు వార్డులో కాలిడిన నర్సు మఱునాటి యుదయము 8 గంటలకు గాని వెలుపలికి రాదు. వరుసగ కొన్ని రాత్రు లట్లే గడచును. బోధనాసుపత్రి సామాన్య వార్డులో ఒక్కొక్క వేళకు 9 మంది రోగులకు ఒక నర్సు చొప్పున నుండవలెనని భారత నర్సింగు మండలి ప్రమాణము. ప్రభుత్వాసుపత్రిలో నొక రాత్రి గడపిన వారెవరైనను ఆ ప్రమాణమెంత దూరమున నున్నదో చెప్పగలరు.

అర్ధరాత్రి దాటువఱకు పని హడావిడియే మనుష్యుని మేల్కొల్పియుంచును. కష్టమంతయు తెల్లవాఱుజామున 3, 5 గంటల నడుమ వచ్చును. అప్పుడు దేహోష్ణము మిక్కిలి తగ్గును. నిద్రను పిలుచు మెలటోనిను అనెడి రసము రక్తమున నింకను నిండియుండును. కన్నులు తెఱచియే యుండును గాని బుద్ధి మాత్రము క్షణకాలము మూతపడును. ఆ వేళనే సెలైను బొట్లు లెక్కింపవలెను, ఇన్సులిను మోతాదు కొలువవలెను, ఇద్దఱు రోగుల పేర్లొకటే యైనచో ఎవరి మందు ఎవరిదో పోల్చుకొనవలెను. ఒక్క దశాంశబిందువు తప్పినను ప్రాణాపాయము. కావున నర్సు పగలు నిద్రించినదా లేదా అను ప్రశ్న ఆమె సొంత వ్యవహారము కాదు. మంచముపై నున్న మన తండ్రిది, మన బిడ్డది.

మఱి ఆమెకు పగలు నిద్ర యెట్లు లభించుచున్నది? ఎనిమిదిన్నరకు సిటీబస్సో మెట్రోయో యెక్కి ఏ వారాసిగూడకో చిలకలగూడకో చేరును. చేరగనే పొయ్యి వెలిగింపవలెను. ఇల్లూడ్వవలెను. కుళాయి వచ్చిన దినమైనచో నీళ్లు పట్టవలెను. పదకొండుగంటలకు నడుము వాల్చునప్పటికి ప్రక్కయింటి కుక్కరు కూత, కూరగాయల బండివాని మైకు, చుట్టము తలుపు తట్టుట. ఆషాఢమైనచో బోనాల డప్పు. దానిని మేము తప్పుపట్టజాలము. మూడుగంటలకు పిల్లవాడు బడినుండి వచ్చును. ఇట్లు ముక్కలైన నాలుగు గంటల నిద్రతో ఆమె మరల రాత్రి కొలువునకు పోవును. ఇంతయుండగ, “పగలు పడుకొను కోడలు ఇంటికి అరిష్టము” అను అత్తగార్లు నేటికిని లేకపోలేదు. ఆ కోడలి జీతము మాత్రము వారికి అరిష్టము కాదు.

ఇది బడలికతో పోవునది కాదు. రాత్రి కొలువు క్యాన్సరునకు బహుశః కారణమగునని ప్రపంచారోగ్యసంస్థ యొక్క క్యాన్సరు పరిశోధనశాఖ 2007లో ప్రకటించి, 2019లో మరల స్థిరపఱచెను. మధుమేహముతోను హృద్రోగముతోను దీనికి సంబంధము కలదని పెక్కు పరిశోధనలు చెప్పుచున్నవి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము స్త్రీలను రాత్రివేళ యంత్రములకడ పని చేయింపరాదని శాసించెను. ఆ నిషేధ మిటీవల సడలినది. నర్సు కా రక్షణ యెన్నడును లేదు, ఉండుటకును వీలులేదు. రోగము సూర్యాస్తమయమున ఆగదు గదా.

అనుభవజ్ఞులైన నర్సులు పాటించు ఉపాయములు కొన్ని కలవు. శాస్త్రమును వానిని సమర్థించుచున్నది. మొదటి రాత్రికి ముందు మధ్యాహ్నము గంటన్నర నిద్రించుట. నడిరేయి నిండుభోజనము మాని తేలికగ తినుట. కాఫీ తొలిజాములకే పరిమితము చేయుట. నాలుగుగంటలకు త్రాగిన కాఫీ పది గంటల నిద్రను చెఱచును. ఇంటికి పోవునప్పుడు నల్లకళ్లద్దములు ధరించుట, కిటికీకి నల్లని దుప్పటి కట్టుట, ఫోను మూయుట. కునుకు పట్టుచున్నచో స్కూటరు నడుపకుండుట అన్నిటికంటె ముఖ్యము.

ఇవన్నియు ఆమె చేయగలవి. డ్యూటీ నడుమ ఇరువది నిమిషముల కునుకునకు వంతులు ఏర్పఱచుట మాత్రము ఆసుపత్రి చేయవలసినది. అందుకు లోపల గడియ పడు గది కావలెను. 2024 ఆగస్టులో కలకత్తా ఆర్.జి.కర్ ఆసుపత్రియందు రాత్రి డ్యూటీలో నుండిన యువవైద్యురాలు హత్యకు గురియైన పిమ్మట, ఆ గది యవసరమును వేఱుగ వివరింప బనిలేదు.

ఇక నింటిలో, ఉదయము తొమ్మిదిగంటలకు పొయ్యి వెలిగించువాడును, మధ్యాహ్నము మూడుగంటలకు బడివాకిట నిలుచువాడును ఎవరో యొకరు కావలెను. ఆ యింట మగవారున్నారు.